ఏ.ఎస్.రావు

అయ్యగారి సాంబశివరావు (సెప్టెంబరు 20, 1914 - అక్టోబరు 31, 2003) ప్రముఖ అణు శాస్త్రవేత్త, ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు. ఏ.ఎస్.రావుగా సుప్రసిద్ధుడు. హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్ (ఇ.సి.ఐ.ఎల్) వ్యవస్థాపకుడు. భారతదేశపు తొలి అణు రియాక్టరు అప్సరకు నియంత్రణ వ్యవస్థను ఈయన నాయకత్వంలోని బృందం రూపొందించింది.

బాల్యం, విద్యాభ్యాసం

ప్రస్తుత పశ్చిమ గోదావరి జిల్లాలోని మోగల్లు గ్రామంలో జన్మించాడు. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ చదివి, అక్కడే కొంతకాలం అధ్యాపకుడిగా పనిచేశాడు. అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగులో మాస్టర్స్ పట్టా పొందాడు. స్వదేశానికి తిరిగివచ్చి, బొంబాయిలో హోమీ భాభా నెలకొల్పిన టాటా ప్రాథమిక పరిశోధనా సంస్థలో చేరాడు.

అప్సర రియాక్టరు

ట్రాంబేలో నిర్మించిన అప్సరలో ఇంధనం నీటి కొలనులో మునిగి ఉండేది. యురేనియం ఇంధనం బ్రిటన్ నుండి వచ్చింది. నియంత్రణ పరికరాలను మాత్రం దేశంలోనే తయారుచేశారు. శృంఖల చర్య అదుపు తప్పితే న్యూట్రాన్ల సంఖ్య అతివేగంగా పెరుగుతుంది. అందువలన వాటిని నిరంతరం లెక్కిస్తూ, హద్దు దాటిన వెంటనే నియంత్రణ కడ్డీలను దించి రియాక్టరును ఆపివేసే పరికరాలు అవసరం. అవి నమ్మదగినవి కానిదే రియాక్టరును ప్రారంభించడం సాధ్యం కాదు. 1956 ఆగస్టు 4న అప్సర పనిచేయడం మొదలుపెట్టింది. సోవియట్ యూనియన్‌ను మినహాయిస్తే ఆసియాలో ఇదే మొదటి అణు రియాక్టరు.

ఇ.సి.ఐ.ఎల్ స్థాపన

1963లో భాభా అధ్యక్షతన ఏర్పడిన ఎలక్ట్రానిక్స్ కమిటీలో సూరి భగవంతం, విక్రం సారాభాయ్‌లతో పాటు ఏ.ఎస్.రావు సభ్యుడు. ఎలక్ట్రానిక్స్‌లో దేశం స్వయంసమృద్ధి సాధించాలన్నది ఈ కమిటీ లక్ష్యం. ట్రాంబేలో జరిగిన కృషిని పరిశ్రమగా మార్చేందుకు 1967 ఏప్రిల్ 11న హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్ ఏర్పడింది. దానికి ఈయన తొలి మేనేజింగ్ డైరెక్టరు. అణు విద్యుత్ కేంద్రాల నియంత్రణ వ్యవస్థలు, వికిరణాన్ని కొలిచే పరికరాలతో పాటు కంప్యూటర్లు, టెలివిజన్లు కూడా ఈ సంస్థలో తయారయ్యాయి.

అప్సర ముగింపు

అప్సరను 2009లో మూసివేశారు. రియాక్టరును విడదీసేటప్పుడు మొదట ఇంధనాన్ని తొలగిస్తారు. తరువాత ఏ భాగంలో ఎంత వికిరణం మిగిలి ఉన్నదో కొలుస్తారు. కార్మికుడు ఒకచోట ఎంతసేపు ఉండవచ్చునో, ఏ భాగాన్ని దూరం నుండి యంత్రాలతో కోయాలో ఆ కొలతలనుబట్టే నిర్ణయిస్తారు. రియాక్టరును నడిపేటప్పుడే కాక, విడదీసేటప్పుడు కూడా మనుషుల భద్రత కొలిచే పరికరాలపైనే ఆధారపడి ఉంటుంది. ఏ.ఎస్.రావు జీవితకాలం కృషి చేసిన రంగం ఇదే. 2018 సెప్టెంబరు 10న ట్రాంబేలోనే అప్సర-యు అనే కొత్త రియాక్టరు ప్రారంభమైంది.

పురస్కారాలు

• పద్మశ్రీ (1960)
• శాంతిస్వరూప్ భట్నాగర్ పురస్కారం (1965)
• పద్మభూషణ్ (1972)

హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్ సమీపంలోని ఏ.ఎస్.రావు నగర్‌కు ఈయన పేరే పెట్టారు.