శ్రీమతి దుర్గాబాయి దేశముఖ్

కురుసభలో ద్రౌపది వేసినది న్యాయప్రశ్న. ముందుగా తన్నుతానే యోడిన భర్తకు భార్యను పణముగా నొడ్డు అధికారము కలదా యని ఆమె యడుగగా, భీష్మాది వృద్ధులు సమాధానము చెప్పజాలరైరి. అట్టి ప్రశ్నలకు సమాధానము చెప్పగల విద్యను స్వయంకృషిచే నార్జించి, ఆ న్యాయము దిక్కులేని స్త్రీల గడపను చేరుటకు సంస్థలను నిర్మించిన తెలుగు మహిళ దుర్గాబాయమ్మగారు.

ఆమె 1909 జూలై 15వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించి కాకినాడలో పెరిగిరి. ఎనిమిదవ యేటనే వివాహమయ్యెను. ఊహ తెలిసిన పిదప ఆమె యా కాపురమునకు సమ్మతింపక, భర్త వేరొక వివాహము చేసికొనుటకు స్వేచ్ఛ నొసగిరి. ఆయన గతించిన పిమ్మట ఆ రెండవ యిల్లాలికి అండగా నిలిచినవారును ఆమెయే.

1921లో గాంధీమహాత్ముడు కాకినాడకు విచ్చేసినపుడు, దేవదాసీలును ఘోషా స్త్రీలును ఆయన పలుకులు వినవలెనని పండ్రెండేండ్ల దుర్గాబాయి పట్టుపట్టెను. 5,000 రూపాయల నిధి కూర్చినచో అయిదు నిమిషములు దొరకునని పెద్దలు చెప్పగా, దేవదాసీలే యా సొమ్మును సమకూర్చిరి. 1922 ఆగస్టు 22వ తేదీన అల్లూరి సీతారామరాజు చింతపల్లి ఠాణాపై దాడి సల్పెను. ఆ మరుసటి యేడు కాకినాడలో కాంగ్రెసు మహాసభ జరిగినది. అచ్చటి ఖద్దరు ప్రదర్శనమున ద్వారము కాచుచున్న దుర్గాబాయి, టిక్కెట్టు లేని జవహర్లాల్ నెహ్రూగారిని సైతము నిలిపివేసి, టిక్కెట్టు కొన్న పిదపనే లోనికి పంపెను. నియమము ఎల్లరకు నొక్కటియే యను పట్టుదల ఆనాటినుండియు ఆమెయందు కలదు.

ఉప్పు సత్యాగ్రహమున పాల్గొని ఆమె పలుమారులు కారాగారవాస మనుభవించిరి. మధుర చెరసాలలో ఘోరనేరములకు శిక్షపడిన స్త్రీలను చూచిరి. వారిలో పలువురకు తమపై మోపబడిన నేరమేమో సరిగా తెలియదు. తమ పక్షమున వాదించువారు లేరు. ఇట్టివారికి తోడ్పడుటకై న్యాయశాస్త్రము చదువవలెనను సంకల్పము ఆమెకు అచ్చటనే కలిగెను.

విడుదలయైన పిదప కాశీ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను పరీక్షకు ప్రైవేటుగా చదివి యుత్తీర్ణురాలైరి. వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో స్త్రీలకు వసతిగృహము లేదని ప్రవేశమునకు అడ్డు చెప్పగా, చదువగోరు బాలికలను పత్రికాప్రకటనచే సమకూర్చుకొని, తామే వసతి నేర్పరచుకొనిరి. 1942లో మదరాసు హైకోర్టున న్యాయవాదిగా ప్రవేశించిరి.

అంతకుమునుపే, 1937లో, మదరాసున ఆంధ్ర మహిళాసభను స్థాపించిరి. వితంతువులకు, భర్తలు విడిచినవారికి, చదువు మధ్యలో నిలిచిపోయిన బాలికలకు అది ఆశ్రయమాయెను. పరీక్షలకు చదువు చెప్పుటయు, చేతిపనులు నేర్పుటయు దాని తొలికార్యములు. తదుపరి వైద్యశాలలును కళాశాలలును వెలసి, హైదరాబాదునకును విస్తరించినవి.

1946లో రాజ్యాంగపరిషత్తునకు ఎన్నికై, స్త్రీల ఆస్తిహక్కుకై గట్టిగా వాదించిరి. రాజ్యసభ సభ్యత్వమునకు ముప్పదియైదేండ్ల వయస్సు ఉండవలెనన్న ప్రతిపాదనను ముప్పదికి తగ్గించిన సవరణ ఆమెదే. 1952 ఎన్నికలలో ఓటమి పొందినను ప్రణాళికాసంఘ సభ్యురాలై, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి ప్రథమాధ్యక్షురాలైరి. స్వచ్ఛందసంస్థలకు సాయపడుటకై మొదటి పంచవర్ష ప్రణాళికలో కేటాయించిన నాలుగు కోట్ల రూపాయలు ఆ మండలి ద్వారా పంచబడెను. ఆ యేడే ఆర్థికమంత్రి శ్రీ చింతామణి దేశముఖ్ గారిని వివాహమాడిరి. చైనా పర్యటనలో చూచిన కుటుంబ న్యాయస్థానములు మనదేశమునను కావలెనని కోరిరి. 1958లో స్త్రీవిద్యపై ఏర్పడిన జాతీయసంఘమునకు అధ్యక్షత వహించిరి. 1975లో పద్మవిభూషణ బిరుదమును పొంది, 1981 మే 9వ తేదీన పరమపదించిరి. కుటుంబ న్యాయస్థానముల చట్టము 1984లో వెలువడెను.

మన్యప్రాంతమున గిరిజనుల భూమి గిరిజనేతరుల పాలు కారాదని 1959 నాటి నిబంధనయు, దానిని దృఢపరచిన 1970 నాటి ఒకటవ నిబంధనయు కలవు. అయినను, చేతికి వచ్చిన నోటీసును చదువనేరని స్త్రీకి శాసనమెంత మంచిదైనను అక్కరకు రాదు. ఆ కాగితమును చదివి చెప్పువారును, ఆమె పక్షమున వాదించువారును, వ్యాజ్యము తీరువరకు తల దాచుకొనుటకు ఇంత నీడయు కావలెను. మధుర చెరసాలలో దుర్గాబాయమ్మగారు గ్రహించిన సత్యమిదియే. చట్టసభలో హక్కును సాధించిన చేతులతోనే ఆమె పాఠశాలను, వైద్యశాలను, వసతిగృహమును నిర్మించిరి. కొండగ్రామముల ఆడుబిడ్డలు ఆ చరిత్రను చదివి, చదువురాని తల్లులకు ఆ నోటీసును చదివి వినిపింపగలిగిననాడు ఆమె శ్రమ ఈ కొండలయందును ఫలించినదగును.