శ్వాసను నమ్మిన వైద్యుడు

1848 జనవరి 28వ తేదీన ఇంగ్లండు ఉత్తర భాగంలోని విన్లేటన్ అనే పల్లెలో హానా గ్రీనర్ అనే పదిహేనేండ్ల బాలిక కాలివేలి గోరు తీయించుకొనడానికి వైద్యుని ముందు కూర్చున్నది. నొప్పి తెలియకుండా ఉండుటకై వైద్యుడు గుడ్డపై క్లోరోఫారం చల్లి ఆమె ముక్కు వద్ద ఉంచాడు. కొద్ది నిమిషాలలోనే ఆమె ప్రాణం పోయింది. క్లోరోఫారంతో మనుషులను స్పృహ తప్పించవచ్చునని ఎడింబరో వైద్యుడు జేమ్స్ సింప్సన్ లోకానికి చాటి అప్పటికి మూడు మాసాలైనా కాలేదు. గోరు తీయడం వంటి అల్పమైన చికిత్సకు ఒక ఆరోగ్యవంతురాలైన బాలిక బలి కావడం వైద్యలోకాన్ని కలవరపెట్టింది. ఆమె గుండె ముందుగా ఆగిందా, ఊపిరి ముందుగా ఆగిందా అన్న ప్రశ్న ఆనాడే పుట్టింది. ఆ ప్రశ్నకు సమాధానం వెదకడానికి నలభై ఏండ్ల తరువాత మన హైదరాబాదు వేదిక అయింది. ఆ వేదికను సిద్ధం చేసినవాడు ఎడ్వర్డ్ లారీ.

లారీ 1846లో జన్మించాడు. అదే సంవత్సరం అమెరికాలోని బోస్టన్ నగరంలో ఈథరు మత్తులో తొలి బహిరంగ శస్త్రచికిత్స జరిగింది. హైదరాబాదులో నాలుగవ నిజాం నాసిరుద్దౌలా కాలాన వైద్య పాఠశాల వెలసినది కూడా ఆ సంవత్సరమే. ఆయన జీవితమంతా ఈ రెండింటి చుట్టూనే తిరిగింది గనుక ఈ కాకతాళీయాన్ని చెప్పుకోవడం అసందర్భం కాదు.

ఆయన ఎడింబరోలో వైద్యం చదివాడు. అక్కడ జేమ్స్ సైమ్ అనే సుప్రసిద్ధ శస్త్రవైద్యుడు ఆయనకు గురువు. మత్తు ఇచ్చే సమయంలో నాడిని చూడనక్కరలేదని, శ్వాసను మాత్రమే కనిపెట్టి ఉండవలెనని, శ్వాస సాఫీగా సాగుతున్నంతవరకు రోగికి భయం లేదని సైమ్ బోధించేవాడు. లండన్ పండితుల అభిప్రాయం ఇందుకు విరుద్ధం. మత్తు ప్రయోగాన్ని శాస్త్రంగా తీర్చిదిద్దిన జాన్ స్నో క్లోరోఫారం గాఢత మితిమీరితే నేరుగా గుండెనే స్తంభింపజేయగలదని నిర్ణయించాడు. కనుక లండన్ వైద్యులు రోగి మణికట్టును విడువకుండా పట్టుకొనేవారు. ఎడింబరోవారు రోగి ముఖం నుండి చూపు మరల్చేవారు కారు. రెండు నగరాల మధ్య ఇది శాస్త్రవివాదంగానే మిగలక పంతంగా పరిణమించింది. గురుభక్తి మెండుగా గల లారీ ఆ పంతాన్ని తన వెంట భారతదేశానికి తెచ్చాడు.

భారతీయ వైద్య సేవలో చేరి, కొంతకాలం లాహోరు వైద్య కళాశాలలో బోధించి, 1885లో ఆయన హైదరాబాదు రెసిడెన్సీ వైద్యుడుగా వచ్చాడు. నేడు కోఠీలో మహిళా విశ్వవిద్యాలయం నెలకొన్న ప్రాంగణమే నాటి రెసిడెన్సీ. దానితో పాటు మూసీ ఒడ్డున ఉన్న అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి బాధ్యతలు, వైద్య పాఠశాల నిర్వహణ కూడా ఆయనకు సంక్రమించాయి. వచ్చీరాగానే ఆయన చేసిన ఒక మంచిపనిని ప్రత్యేకంగా చెప్పవలసి ఉన్నది. పరదా వ్యవస్థ బలంగా ఉన్న ఆ రాజధానిలో వైద్య పాఠశాల తలుపులను స్త్రీలకు తెరిపించాడు. అట్లా చేరిన తొలి విద్యార్థినులలో రూపాబాయి ఫర్దూన్‌జీ అనే పార్సీ యువతి ఒకరు. 1889లో చదువు ముగించిన ఆమె మత్తు ఇవ్వడాన్నే తన వృత్తిగా స్వీకరించి, ప్రపంచంలోని తొలి మహిళా మత్తు వైద్యులలో ఒకరుగా చరిత్రకెక్కింది. పెక్కు పాశ్చాత్య దేశాలలో స్త్రీలకు వైద్యవిద్య అందని కాలమది.

లారీ చేతులమీదుగాను, ఆయన శిష్యుల చేతులమీదుగాను వేలాదిమందికి క్లోరోఫారం ఇచ్చారు. ఇతర చోట్ల వినవచ్చే ఆకస్మిక మరణాలు తన వద్ద లేవని ఆయన గర్వించేవాడు. ఈ అనుభవాన్ని ప్రయోగంతో రుజువు చేయాలన్న సంకల్పంతో 1888లో నిజాం ప్రభుత్వ సహాయాన మొదటి హైదరాబాదు క్లోరోఫారం సంఘాన్ని ఏర్పాటు చేయించాడు. నూరుకు పైగా ఊరకుక్కలకు ప్రాణం పోయేదాక క్లోరోఫారం ఇచ్చి పరిశీలించారు. ప్రతిసారీ ముందుగా శ్వాస ఆగింది. గుండె ఆ తరువాత కొంతసేపు కొట్టుకొని నిలిచిపోయింది. సైమ్ చెప్పినదే నిజమని సంఘం తీర్మానించింది.

లండన్ నుండి వెలువడే సుప్రసిద్ధ వైద్యపత్రిక లాన్సెట్ ఈ తీర్మానాన్ని నమ్మలేదు. ఎక్కడో దక్కనులో కుక్కల మీద జరిగిన పరీక్షలు ఐరోపా శరీరశాస్త్రజ్ఞుల నిర్ణయాలను తలకిందులు చేయలేవని దాని భావం. మరొకరైతే ఇంతటితో మిన్నకుండేవారే. లారీ పట్టు వదలలేదు. ఆ పత్రికే తనకు నచ్చిన నిపుణుని ఎన్నుకొని హైదరాబాదుకు పంపవలెనని, అందుకు వేయి పౌన్లు నిజాం ప్రభుత్వం ఇస్తుందని సవాలు వంటి ఆహ్వానం పంపించాడు. అప్పుడు సింహాసనం మీద ఉన్నవాడు ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్. ఒక స్వదేశీ సంస్థానం తన ఖజానా నుండి ధనమిచ్చి, లండన్ పండితుని రప్పించి, శాస్త్రవివాదాన్ని తన రాజధానిలో తేల్చుకొనడం ఆ కాలానికి అపూర్వమైన విషయం.

లాన్సెట్ పంపిన నిపుణుడు లాడర్ బ్రంటన్. ఔషధాల గుణప్రభావాలను గూర్చి ఆయన మాటకు నాడు తిరుగులేదు. క్లోరోఫారం గుండెకు హాని చేయగలదన్న అభిప్రాయంతోనే 1889లో ఆయన హైదరాబాదు చేరాడు. లారీ అధ్యక్షుడుగా, బ్రంటన్, బామ్‌ఫర్డ్, రుస్తుంజీ హకీం సభ్యులుగా రెండవ సంఘం పని ప్రారంభించింది. ఈసారి పద్ధతి మారింది. జంతువు మెడలోని ధమనికి గొట్టం అమర్చి పాదరసంతో నిండిన పీడనమానికి కలిపేవారు. గుండె కొట్టుకొన్నప్పుడల్లా కదిలే ములికి, తిరుగుతున్న డోలుపై రక్తపీడనపు గీతను గీసేది. శ్వాస ఎప్పుడు ఆగినదో, గుండె ఎప్పుడు ఆగినదో అనుమానానికి తావు లేకుండా ఆ గీత చెప్పవలెనని వారి ఆశ. కుక్కలు, కోతులు, గుర్రాలు, మేకలు, పిల్లులు, కుందేళ్లు కలిసి 490 జంతువుల మీద పరీక్షలు జరిగినట్లు, అందులో 120 పరీక్షలలో పీడనమానం వాడినట్లు బ్రంటన్ లండన్‌కు తంతి పంపాడు. అపాయమంతా ఊపిరాడకపోవడం వల్లనో, మందు మోతాదు మించడం వల్లనో కలుగుతున్నదని, నేరుగా గుండెకు కలిగే ముప్పు ఏమీ లేదని ఆ తంతి సారాంశం. పరీక్షించడానికి వచ్చిన పండితుడే లారీ పక్షం వహించాడన్నమాట. ఇన్ని మూగజీవాల ప్రాణాలు తీయడం నేటి చదువరికి మనసు చివుక్కుమనిపిస్తుంది. నాటి వైద్యులకు అది తప్పుగా తోచలేదు.

నివేదిక 1890లో లాన్సెట్‌లో వరుసగా ప్రకటితమయింది. హైదరాబాదు పేరు ప్రపంచమంతటా వైద్యుల నోట నానింది. అయినా వివాదం సమసిపోలేదు. స్కాట్లండులోని అబర్డీన్‌లో మాక్‌విలియం అనే శరీరశాస్త్రజ్ఞుడు క్లోరోఫారం వల్ల గుండె కండరం సడలి ఉబ్బిపోతున్నదని చూపాడు. గుండె జఠరికలు లయ తప్పి వణకడమే మనుషుల ఆకస్మిక మరణానికి ఒక కారణం కావచ్చునని ఆయన 1889లోనే, అంటే హైదరాబాదులో ప్రయోగాలు జరుగుతున్న సంవత్సరమే రాశాడు. ఆ వ్యాసపు ప్రాధాన్యాన్ని అప్పుడు ఎవరూ గ్రహించలేదు.

తన మతం నిలుస్తుందన్న ధీమాతో లారీ మరొక అడుగు వేశాడు. కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు గాస్కెల్, షోర్ ఇరువురూ ఈ విషయాన్ని తిరిగి పరిశోధించడానికి నిజాం ప్రభుత్వం చేత ధనసహాయం ఇప్పించాడు. వారు అనుసరించిన ఉపాయం మిక్కిలి చతురమైనది. ఒక జంతువు మెదడుకు పోయే ధమనులను వేరొక జంతువు రక్తనాళాలతో కలిపి, క్లోరోఫారం కలిసిన రక్తం మెదడుకు మాత్రమే చేరి, గుండెకు చేరకుండా చేశారు. మెదడులోని కేంద్రాలు మందగించడం వల్లనే రక్తపీడనం పడిపోతున్నదన్న హైదరాబాదు వాదమే నిజమైతే అప్పుడు పీడనం పడిపోవలెను. పడిపోలేదు. క్లోరోఫారం గుండెకు చేరినప్పుడే పీడనం దిగజారింది. 1893లో వారు ప్రకటించిన ఈ ఫలితం లారీ వాదానికి గొడ్డలిపెట్టు. ఆయన ధనం ఇప్పించిన పరిశోధనే ఆయనను ఓడించింది. లారీ మాత్రం ఓటమిని అంగీకరించలేదు.

ఈ మొండితనం క్లోరోఫారానికే పరిమితం కాలేదు. మలేరియా జ్వరానికి కారణం రక్తంలోని సూక్ష్మజీవి అని ఫ్రెంచి వైద్యుడు లావెరాన్ చెప్పిన మాటను కూడా లారీ నమ్మలేదు. ఆయన నివాసానికి కూతవేటు దూరంలోనే, సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న దోమ కడుపులో ఆ జీవి జాడను కనుగొన్నాడు.

మరి హైదరాబాదులో వేలాదిమందికి క్లోరోఫారం ఇచ్చినా ప్రమాదాలు అరుదు కావడానికి కారణమేమి? ఆ చిక్కుముడి 1911లో విడింది. గుడ్‌మన్ లెవీ అనే ఇంగ్లీషు వైద్యుడు పిల్లుల మీద ప్రయోగాలు చేసి, క్లోరోఫారం మత్తు పలుచగా ఉన్న దశలో శరీరంలో అడ్రినలిన్ పెరిగితే గుండె జఠరికలు ఉన్నట్లుండి లయ తప్పి వణకి ఆగిపోతాయని నిరూపించాడు. భయపడిన రోగికి, సగం మత్తులో పెనుగులాడే రోగికి అడ్రినలిన్ పెరగడం సహజం. హానా గ్రీనర్ మరణాన్ని ఇట్లా వివరించవచ్చు. మత్తు లోతుగా ఉన్నప్పుడు ఈ ముప్పు తగ్గుతుంది. సైమ్ సంప్రదాయంలో వెనుకాడక, ఆపి ఆపి ఇవ్వక, త్వరగా లోతైన మత్తులోనికి తీసుకొనిపోయేవారు. అందుచేత అపాయకరమైన ఆ పలుచని దశను రోగి వేగంగా దాటిపోయేవాడు. లారీ కుక్కలకు చనిపోయేదాక మందు ఇచ్చాడు గనుక మోతాదు మించిన మరణాన్నే చూశాడు. అక్కడ నిజంగానే శ్వాస ముందుగా ఆగుతుంది. ఆయన కళ్లు అబద్ధం చెప్పలేదు. ఆయన చూసినది ఒక విధమైన మరణం, బాలికను కబళించినది వేరొక విధమైన మరణం. ఆయన పద్ధతి మంచిదే, దానికి ఆయన చెప్పిన కారణం తప్పు. వైద్య చరిత్రలో ఇటువంటివి తక్కువేమీ కావు.

ఈ వివాదం కాలక్షేపానికి సాగినది కాదు. ఏది ముందు ఆగుతుందో తెలియనిదే ఏది కనిపెట్టి ఉండవలెనో తెలియదు. శ్వాసను మాత్రమే చూసే వైద్యునికి గుండె వణకుతున్న సంగతి తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. నాడిని మాత్రమే పట్టుకొన్న వైద్యునికి నాలుక వెనుకకు జారి గొంతు మూసుకొనిపోతున్న సంగతి తెలియదు. నేడు సత్తుపల్లి వంటి అటవీ సరిహద్దు పట్టణం నుండి గుండె శస్త్రచికిత్సకై హైదరాబాదు చేరిన రోగికి మత్తు వైద్యుడు శ్వాసను, గుండె లయను, రక్తపీడనాన్ని, రక్తంలోని ప్రాణవాయువును ఒకేసారి తెరమీద చూస్తూ ఉంటాడు. గుండె, ధమనుల చికిత్సలో మూడవ చింత కూడా చేరింది. పెద్ద ధమని గోడలకు పేరుకొన్న కొవ్వు పెళుసుగానో, రక్తపు గడ్డగానో విడివడి మెదడుకు కొట్టుకొనిపోతే పక్షవాతం వస్తుంది. గుండె ధమనులకు దారి మళ్లించే శస్త్రచికిత్స చేయించుకొన్నవారిలో నూటికి ఒకరిద్దరికి ఈ ముప్పు కలుగుతున్నట్లు లెక్కలు చెబుతున్నాయి. వయసు, మధుమేహం, పూర్వం వచ్చిన పక్షవాతం దానిని పెంచుతాయి. ఈ లెక్కను రోగికి, రోగి బంధువులకు ముందుగానే చెప్పి సమ్మతి తీసుకొనడం నేటి ధర్మం. లారీ కాలంలో ఎంతమందికి మత్తు ఇచ్చితిమి, ఎంతమంది మరణించిరి అని లెక్క చెప్పడమే ఒక విశేషం. ఆ అలవాటు మాత్రం ఆయనకు ఉండేది.

1901లో క్లోరోఫారం ప్రయోగ విధానాన్ని గూర్చి విద్యార్థులకై ఒక గ్రంథం వెలువరించి, అదే సంవత్సరం ఆయన ఉద్యోగ విరమణ చేసి స్వదేశం చేరాడు. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిని ముంచివేసింది. తరువాత ఏడవ నిజాం కాలంలో ఉస్మానియా ఆసుపత్రి వెలసింది. లారీ నడిపిన పాఠశాల ఉస్మానియా వైద్య కళాశాలగా పెరిగింది. వరద వచ్చిన మరుసటి ఏడు రూపాబాయి పై చదువుకై ఎడింబరో వెళ్లింది. గురువు చదివిన ఊరే అది. 1915లో ఎడ్వర్డ్ లారీ కన్నుమూసేనాటికి ఆమె తిరిగి వచ్చి, హైదరాబాదు ఆసుపత్రులలో రోగులకు మత్తు ఇస్తూనే ఉన్నది.