ఇంజన్లను నమ్ముకున్న గార్ వుడ్

స్వర్ణోత్సవ సంచికకు ఒక ప్రముఖుడి జీవితం గురించి రాయమని సంపాదక మిత్రులు అడగగానే విశ్వేశ్వరయ్య గారు, కలాం గారు గుర్తుకొచ్చారు. వారి గురించి మన గురువులు ఎన్నోసార్లు చెప్పారు, మనమూ విన్నాం. నేను ఇరవయ్యేళ్లకు పైగా ఓడల ఇంజన్ గదుల్లో పనిచేసినవాణ్ణి. అందుకని మన వైపు అంతగా తెలియని, అమెరికాలో మాత్రం ఒకప్పుడు పిల్లలకు కూడా తెలిసిన ఒక ఇంజన్ల మనిషిని పరిచయం చేస్తాను. ఆయన గార్ వుడ్.

పూర్తి పేరు గార్‌ఫీల్డ్ ఆర్థర్ వుడ్. 1880 డిసెంబరు 4న అయోవా రాష్ట్రంలోని మేపుల్‌టన్‌లో పుట్టాడు. ఆ ఏడాది అమెరికా అధ్యక్షుడిగా ఎన్నికైన గార్‌ఫీల్డ్, ఉపాధ్యక్షుడిగా ఎన్నికైన ఆర్థర్ పేర్లు రెండూ కలిపి పెట్టారు. తండ్రి మిన్నెసోటాలోని ఒసాకిస్ సరస్సులో రేవు పడవ నడిపేవాడు. మన గోదావరి మాటల్లో చెప్పాలంటే సరంగు గారి అబ్బాయి. ఆవిరి చప్పుడు, నూనె వాసన మధ్యే పెరిగాడు.

ఆయనకు డబ్బు తెచ్చింది పడవలు కాదు, లారీలు. 1911 ప్రాంతంలో ట్రక్కు తొట్టిని కూలీలు చేత్తో తిప్పుతూ కష్టపడి పైకి లేపడం చూశాడు. నూనె ఒత్తిడితో పనిచేసే సిలిండరు పెడితే ఆ తొట్టి దానంతటదే లేస్తుంది కదా అనుకున్నాడు, చేసి చూపించాడు. ఈనాడు మన ఊళ్లో ఇసుక, కంకర దించే టిప్పర్ లారీకి మూలం అదే. ఆ పేటెంటుతో డెట్రాయిట్‌లో పెద్ద పారిశ్రామికవేత్త అయ్యాడు.

1916లో ‘మిస్ డెట్రాయిట్’ అనే పందెపు పడవను కొన్నాడు. దాన్ని కట్టిన క్రిస్ స్మిత్ అల్గొనాక్ అనే చిన్న ఊరి వడ్రంగి, చేయి తిరిగిన పడవల మేస్త్రీ. తర్వాత క్రిస్-క్రాఫ్ట్ పేరుతో లోకమంతా తెలిసిన పడవలు ఆయన కుటుంబానివే. స్మిత్ పడవ కట్టడం, వుడ్ ఇంజన్ సంగతి చూడడం. ఈ జోడీతో 1917 నుంచి 1921 వరకు వరుసగా అయిదేళ్లు గోల్డ్ కప్ వుడ్‌దే అయింది.

ఇందులో వుడ్ చేసిన సాహసం విమాన ఇంజన్‌ను పడవలో దించడం. మొదట కర్టిస్ ఇంజన్, తర్వాత లిబర్టీ. మొదటి ప్రపంచ యుద్ధం కోసం 1917లో అమెరికా ఇంజనీర్లు కొద్ది రోజుల్లోనే గీసి ఇచ్చిన ఇంజన్ లిబర్టీ. పన్నెండు సిలిండర్లు, 27 లీటర్లు, సుమారు 400 హార్స్‌పవర్. పెకార్డ్, లింకన్, ఫోర్డ్, మార్మన్ వంటి కంపెనీలు ఒకే నమూనా మీద ఇరవై వేలకు పైగా తయారు చేశాయి. ఇంతలో యుద్ధం ముగిసింది. పెట్టెలు కూడా విప్పని ఇంజన్లు గోదాముల్లో మిగిలిపోయాయి. వుడ్ వాటిని పెద్ద ఎత్తున కొన్నాడు.

కొనడం తేలిక, నీటిలో నడిపించడం కష్టం. విమానానికి వెనక్కి వెళ్లే పని లేదు, పడవకు రివర్స్ గేరు కావాలి. ప్రొపెల్లర్ నెట్టే బలాన్ని ఆపడానికి థ్రస్ట్ బేరింగు కావాలి. రేడియేటరు స్థానంలో సరస్సు నీటినే తోడి పోసే పంపు కావాలి. చెక్క పడవలో ఎర్రగా కాలే ఎగ్జాస్ట్ గొట్టం నిప్పుతో సమానం కనుక దాని చుట్టూ నీరు తిరగాలి. ఈ మార్పులన్నీ చేయించి, 1920లో రెండు లిబర్టీ ఇంజన్ల ‘మిస్ అమెరికా’తో ఇంగ్లండు వెళ్లి హార్మ్స్‌వర్త్ ట్రోఫీ గెలిచాడు. పడవ, ఇంజన్ రెండూ పోటీ చేసే దేశంలోనే తయారు కావాలన్నది ఆ పోటీ నియమం. అంటే అక్కడ ఇంజన్ పుట్టుక కూడా గెలుపోటముల్లో భాగమే.

నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్నది 1928 నాటి సంగతి. పోటీ ముంగిట్లో, పరీక్షా పరుగులో ‘మిస్ అమెరికా 6’ ముక్కలై సెయింట్ క్లెయిర్ నదిలో మునిగింది. వుడ్ బతికి బయటపడ్డాడు. పక్కన కూర్చున్న మెకానిక్ ఓర్లిన్ జాన్సన్‌కు తీవ్రమైన గాయాలయ్యాయి. నది అడుగు నుంచి ఇంజన్లను పైకి తీయించి, విప్పి శుభ్రం చేయించి, ఆదరాబాదరాగా కట్టిన కొత్త పడవలో బిగించారు. ఆ ‘మిస్ అమెరికా 7’ పోటీకి అందుకుంది, గెలిచింది. దేహం పోయినా గుండె మిగిలింది, ఆ గుండెను బతికించిన చేతులు మెకానిక్కులవి.

ఆ చేతులకు పేరు రావడం అరుదు. 1930 జూన్ 13న విండర్‌మియర్ సరస్సులో ‘మిస్ ఇంగ్లండ్ 2’ బోల్తా పడి సర్ హెన్రీ సీగ్రేవ్ మరణించాడని చరిత్ర చదివినవారికి తెలుసు. అదే పడవలో ప్రాణం విడిచిన రోల్స్-రాయిస్ ఇంజనీరు విక్టర్ హాలివెల్ పేరు ఎందరికి తెలుసు?

వుడ్ జీవితంలో అందరూ మెచ్చుకోని ఘట్టం కూడా ఉంది. 1931 హార్మ్స్‌వర్త్ పోటీలో బ్రిటన్ తరఫున వచ్చిన కే డాన్ మొదటి పరుగు గెలిచాడు. రెండో పరుగులో వుడ్ సమయానికి ముందే ప్రారంభ రేఖ దాటాడు, డాన్ ఆయన వెంటే దాటాడు. ఇద్దరినీ అనర్హులుగా ప్రకటించారు. నెమ్మదిగా వచ్చిన వుడ్ తమ్ముడు జార్జ్ పరుగు పూర్తి చేయడంతో ట్రోఫీ అమెరికాలోనే ఉండిపోయింది. అది పొరపాటా, ఎత్తుగడా అన్న వాదన చాలాకాలం నడిచింది. ఇంజన్ల దగ్గర అంత నిక్కచ్చిగా ఉన్న మనిషి గెలుపు మీద ఈ మచ్చ ఉందని చెప్పకపోతే జీవితకథ సగమే చెప్పినట్టు.

అదే 1931లో నీటి మీద గంటకు 100 మైళ్లు దాటిన మొదటివాడు ఆయనే. 1932లో నాలుగు పెకార్డ్ ఇంజన్ల ‘మిస్ అమెరికా 10’తో 124 మైళ్లు దాటాడు. 1933లో చివరిసారిగా హార్మ్స్‌వర్త్ గెలిచి పోటీల నుంచి తప్పుకున్నాడు. ఆయన పేరుతో మహాగని చెక్క పడవలు కట్టిన విభాగం 1947లో మూతపడింది. 1971 జూన్ 19న మయామీలో కన్నుమూశాడు.

ఆనాటి చెక్క పడవలను ఈనాటికీ ప్రాణంగా చూసుకునేవారు అమెరికాలో ఉన్నారు. వాళ్ల మొదటి ప్రశ్న ఒకటే: ఇందులో ఉన్నది ఏ ఇంజన్? రేకు మీద నంబరు చూసి తృప్తిపడరు, రేకును ఒక ఇంజన్ నుంచి మరోదానికి మార్చవచ్చు. బ్లాకు మీద గుద్దిన నంబరు, పోతలోనే వచ్చిన అంకెలు, సిలిండరు కొలతలు, తిరిగే దిశ అన్నీ సరిచూస్తారు. జంట ఇంజన్ల పడవలో సాధారణంగా ఒకటి కుడికి, ఒకటి ఎడమకు తిరుగుతుంది. దిశ తప్పితే స్టార్టరు, క్యామ్‌షాఫ్ట్ వంటి విడిభాగాలు సరిపోవు. క్రిస్-క్రాఫ్ట్ కర్మాగారం ఒక్కో పడవకు రాసిన కార్డులు వర్జీనియాలోని మెరినర్స్ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి. మొదట బిగించిన ఇంజన్ నంబరు వాటిలో దొరుకుతుంది.

తర్వాతది సంరక్షణ. ఉప్పునీటిలో తిరిగితే మంచినీటితో కడగాలి. చలికాలానికి ముందు బ్లాకులో నీరంతా తీసేయాలి, గడ్డకడితే ఇనుమే పగులుతుంది. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు కనుక పడవ అడుగున చేరుతుంది. స్టార్ట్ చేసేముందు దాన్ని బయటకు పంపాలి. ఎండిన చెక్క నీటిలో ఉబ్బితే పడవ ఆకారం కొద్దిగా మారుతుంది. అందుకే ఇంజన్‌కూ షాఫ్టుకూ వరస చూడడం పడవ నీటిలో నానాకే ముగించాలి, ఫీలర్ గేజ్‌తో, వెయ్యో వంతు అంగుళాల లెక్కలో. తాళ్లరేవులో చెక్క పడవలు కట్టే మేస్త్రీలకు చెక్క ఇలా ఉబ్బుతుందని ఎవరూ చెప్పనక్కరలేదు.

అరిగిన పాత ఇంజన్ తీసేసి కొత్తది పెడితే పని సుఖం, పడవ కూడా నడుస్తుంది. నా మటుకు అలా మార్చడం ఇష్టం లేదు. తప్పనిసరై మార్చినా, పాతదాన్ని పాత ఇనుముకు అమ్మకుండా నంబరు రాసి దాచాలి. ఎవరు చేశారో, ఎవరు బాగుచేశారో ఆ ఇనుములోనే రాసి ఉంటుంది. అది కరిగిపోతే ఓర్లిన్ జాన్సన్ లాంటివాళ్ల పనికి సాక్ష్యం మిగలదు.

యంత్రాల మధ్య పనిచేస్తున్న మన పూర్వ విద్యార్థులకు, వాళ్లకు స్క్రూగేజి పట్టడం నేర్పిన మన గురువులకు ఈ జీవితకథ అంకితం. మన సంఘం వజ్రోత్సవం కూడా ఇంతే ఘనంగా జరుపుకోవాలని కోరుకుంటున్నాను.