ఫూరియే మహాశయుడు

తెలుగు కీర్తనకర్త కైవారం తాతయ్యగారు 1726 మొదలు 1836 వరకు జీవించిరని సంప్రదాయము. ఆ కాలముననే, 1768లో, ఫ్రాన్సు దేశపు ఓసేర్ పట్టణమున ఒక దర్జీ ఇంట జోసెఫ్ ఫూరియే జన్మించినాడు. పదేండ్లకే తల్లిదండ్రులను పోగొట్టుకొన్నాడు. విప్లవకాలమున, 1794లో, చెరసాల పాలైనాడు. 1798లో నెపోలియను వెంట ఈజిప్టు వెళ్లినాడు. తిరిగివచ్చి గ్రెనోబుల్‌లో జిల్లా పాలన చూచుచునే వేడిమి ప్రసారమును పరిశోధించినాడు.

ఎంత చిక్కైన ఆకృతినైనను సరళ తరంగముల కూడికగా విడదీయవచ్చునని 1807లో ఆయన వ్రాయగా, లగ్రాంజివంటి పెద్దలు ఒప్పుకొనలేదు. 1812లో పారిసు పండితులు బహుమతి నిచ్చియు లోపము లెన్నిరి. ఆయన పట్టు విడువక 1822లో గ్రంథము వెలువరించి, 1830లో కన్నుమూసినాడు.

1965లో కూలీ, ట్యూకీ అను అమెరికనులు ఆ లెక్కకు దగ్గరిదారి ప్రచురించిరి. ధ్వనినుండి తీసిన 1,024 నమూనాలకు పది లక్షలకు పైబడిన గుణకారములు సుమారు పదివేలకు దిగినవి. కనుకనే నేడు కైవారం మఠమున కీర్తన పాడుచుండగానే, అందలి హెచ్చుతగ్గు ధ్వనులు కంప్యూటరు తెరపై నిలువుగీతలై ఆడగలవు.

పెద్దలు కాదన్నంతనే పని మానియుండినచో ఆ గీతలెక్కడివి? క్రొత్త యేట మన యువకులు తలపవలసిన జీవిత మిది.