కాంతి వైద్యుడు ఫిన్సెన్

సూర్యకాంతి లేనిదే భూమిపై మనకు బ్రతుకు లేదు. అయినను ఆ కాంతియే మితిమీరినచో ప్రాణులకు హాని చేయును. కాంతి గుణములను ఓర్పుతో పరీక్షించి, దానిని ఔషధముగా మార్చిన మహనీయుడు నీల్స్ ఫిన్సెన్.

ఉత్తర అట్లాంటిక్ సముద్రమున ఫేరో దీవులు కలవు. అచట శీతకాలమున పగలు మిక్కిలి స్వల్పము. ఆ దీవులలోని తోర్స్‌హావన్ పట్టణమున ఫిన్సెన్ 1860 డిసెంబరు 15వ తేదీన జన్మించెను. బాల్యమున డెన్మార్కులోని పాఠశాలలో అతనిని మందమతిగా ఎంచిరి. అతడు నిరాశ చెందక, ఐస్‌లాండులో చదువు ముగించి, 1882లో కోపెన్‌హాగెన్ విశ్వవిద్యాలయమున వైద్యవిద్య ప్రారంభించెను. 1890లో పట్టభద్రుడయ్యెను.

విద్యార్థి దశలోనే అతనిని దారుణమైన వ్యాధి పట్టుకొనెను. గుండె, కాలేయము, ప్లీహము క్రమముగా చెడసాగెను. ఎండలో కూర్చున్నపుడు దేహమునకు కొంత సత్తువ కలుగుట అతడు గమనించెను. ఎండలో అట్టి శక్తి ఏమి కలదో తెలిసికొనవలెనను పట్టుదల అతనిలో పుట్టెను.

అందులకై అతడు సలమాండరు గ్రుడ్లను పరీక్షించెను. సలమాండరు కప్పవలె ఉభయచర ప్రాణి. దాని గ్రుడ్డుకు గట్టి పెంకు లేదు. పారదర్శకమగు జిగురుపొర మాత్రమే యుండును. కావున లోపలి పిల్ల కదలికలను చూడవచ్చును. ఎర్రని కాంతిలో ఆ పిల్లలు నిశ్చలముగా నుండెను. నీలకాంతి సోకినంతనే కదలసాగెను. కాంతిలోని రంగులన్నింటికి ఒకే శక్తి లేదని అతడు గ్రహించెను.

ఆ కాలమున లూపస్ అను చర్మక్షయ ఐరోపాలో అనేకుల ముఖములను వికృతము చేయుచుండెను. 1895లో ఫిన్సెన్ కార్బన్ ఆర్కు దీపపు కాంతిని కటకములచే కేంద్రీకరించి, నీటిచే దాని వేడిని తగ్గించి, పుండ్లపై ప్రసరింపజేసెను. వ్యాధి నయమయ్యెను. 1896లో కోపెన్‌హాగెనున అతని పేర చికిత్సాలయము వెలసెను. సిగ్గుచే ముఖము దాచుకొనిన వందలాది రోగులు మరల నలుగురిలో తిరుగగలిగిరి.

1903లో అతనికి నోబెల్ బహుమానము లభించెను. అప్పటికే అతడు చక్రముల కుర్చీకి పరిమితుడయ్యెను. బహుమాన ధనములో కొంత భాగమును చికిత్సాలయమునకే ఇచ్చెను. 1904 సెప్టెంబరు 24వ తేదీన, 43 ఏండ్ల ప్రాయమున కన్నుమూసెను.

కాంతికి గల రెండవ ముఖమును తరువాతివారు స్పష్టముగా చూచిరి. నీలలోహితమునకు ఆవలనున్న, కంటికి కానరాని కిరణములు అతినీలలోహిత కిరణములు. అమెరికాలోని ఆరిగన్ రాష్ట్రమున, కాస్కేడ్ పర్వతముల సరస్సులలో శాస్త్రజ్ఞులు కప్పగ్రుడ్లపై ఆ కిరణముల నాపు తెరలు కప్పి చూచిరి. 1994లో వారు ఫలితములను ప్రకటించిరి. కాస్కేడ్ కప్ప, పడమటి గోదురుకప్ప గ్రుడ్లు తెరల క్రింద ఎక్కువగా బ్రతికెను. ఎండకు విడిచినవి ఎక్కువగా నశించెను. పసిఫిక్ చెట్టుకప్ప గ్రుడ్లకు మాత్రము అట్టి హాని కలుగలేదు. కిరణముల దెబ్బను సరిదిద్దు పదార్థము వానిలో అధికముగా నుండుటయే అందులకు కారణమని వారు భావించిరి.

ప్రకృతి శక్తులు మితము తెలిసినవారికి మేలు చేయును. తన వ్యాధి నయము కాకున్నను, పరుల వ్యాధిని నయము చేయుటకే ఫిన్సెన్ జీవితమును ధారపోసెను. అట్టివారి బ్రతుకు స్వల్పమైనను వెలుగు చిరకాలము నిలుచును.