శిబిరంలో పని అడిగినవారికి కమలాదేవి

ప్రత్యేక సంచికకు ఒక ప్రముఖుల జీవితం రాసివ్వమని కార్యదర్శిగారు అడగగానే నాకు కమలాదేవి చటోపాధ్యాయ గుర్తుకొచ్చారు. అందుకు కారణం 2009 అక్టోబరు వరద. తుంగభద్ర పొంగి నాగలదిన్నె మునిగింది. ఎమ్మిగనూరులో ఒక బడిలో పెట్టిన శిబిరానికి ఆదోని నుంచి మేము నలుగురు పెన్షనర్లం జొన్నరొట్టెల మూటలతో వెళ్లాం. గదికి నాలుగైదు కుటుంబాలు. తడిబట్టలు ఆరేవి కావు. మరుగుదొడ్లు చాలక ఆడవారు చీకటిపడేదాకా ఓర్చుకునేవారు. నాకు అలవాటైన పనే అప్పగించారు, పేర్లు రాయడం. నాలుగోరోజు ఒక చేనేత ఇల్లాలు వచ్చి, మగ్గం గుంటలో బురద నిండిందనీ, బియ్యం ఇచ్చారు సరే, ఏదైనా పని చూపిస్తారా అనీ అడిగింది. నా జాబితాలో బియ్యానికీ దుప్పట్లకూ గడులున్నాయి. పనికి లేదు.

కమలాదేవి 1903 ఏప్రిల్ 3న మంగళూరులో పుట్టారు. చిన్నతనంలోనే పెళ్లి, వైధవ్యం. తరువాత సరోజినీ నాయుడుగారి తమ్ముడు హరీంద్రనాథ్‌ను వివాహమాడారు. 1923 కాకినాడ కాంగ్రెసులో మొదలైన సేవాదళ్‌లో చేరి మహిళా వాలంటీర్లను తయారుచేశారు. 1930 ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లారు.

దేశ విభజన జరిగాక పదవులకేసి చూడక 1948లో ఇండియన్ కోఆపరేటివ్ యూనియన్ స్థాపించారు. వాయవ్య సరిహద్దు నుంచి వచ్చినవారు ఫరీదాబాదులో గుడారాలలో, సర్కారు ఇచ్చే ఉచిత రేషనుతో కాలం గడుపుతున్నారు. కొత్త ఊరిని కాంట్రాక్టర్లతో కట్టించాలని ఇంజనీర్లు. శరణార్థులే సహకార సంఘాలుగా ఏర్పడి కూలి తీసుకుని తమ ఇళ్లు తామే కట్టుకోవాలని కమలాదేవి, ఆమె సహచరులు. చివరకు వీరి మాటే నెగ్గింది. అంతవరకు దుకాణాలలో కూర్చున్నవారు సైతం ఇటుకలు మోశారు. మన ఎమ్మిగనూరులో మాచాని సోమప్పగారు 1938లోనే నేతగాళ్ల సహకార సంఘం నిలబెట్టారు గనుక ఈ దారి మనవారికి కొత్త కాదు. అయితే ఫరీదాబాదులో పోనుపోను శాఖల పెత్తనం పెరిగి సంఘాలు నీరసించాయి. ఫైళ్లతో బతికిన మాబోటివారికి అదెలా జరుగుతుందో ఒకరు చెప్పనక్కరలేదు.

1952లో ఆమె అఖిల భారత హస్తకళల బోర్డు అధ్యక్షురాలయ్యారు. 1966లో మెగసెసె అవార్డు అందుకున్నారు. 1988 అక్టోబరు 29న బొంబాయిలో కన్నుమూశారు.

ఈ సంగతులు నేను చదివింది వరద తీసిన తరువాత. ముందే తెలిసుంటే ఆ జాబితాలో ఇంకొక గడి గీసేవాణ్ణి.