సయ్యద్ అబ్దుల్ రహీముగారు

రహీముగారు 1909లో హైదరాబాదునందు జన్మించిరి. మొదట ఉపాధ్యాయులు, పిమ్మట ఫుట్‌బాలు శిక్షకులుగా ప్రసిద్ధులైరి. వీరి శిక్షణలో హైదరాబాదు పోలీసు జట్టు 1950 మొదలు 1954 వఱకు వరుసగా అయిదుమారులు రోవర్సు కప్పును గెలిచెను. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలందు భారతజట్టునకు స్వర్ణపతకము లభించెను.

1962లో జకార్తాయందు మనజట్టు తొలిపోటీలోనే దక్షిణ కొరియా చేత నోడెను. పిదప వెనుకవరుసను కాచు జర్నైల్ సింగు తలకు గాయమయ్యెను. రాచపుండుతో బాధపడుచుండియు రహీముగారు ధైర్యము వీడక, అతనిని ముందువరుసకు మార్చిరి. తుదిపోటీలో ఆ కొరియాపైననే మనవారు 2–1తో గెలిచిరి. అందొక గోలు జర్నైలుదే. ఆ క్రీడలలోనే మన వాలీబాలు జట్టు రజతపతకము నందెను.

1963లో రహీముగారు గతించిరి. తనకు నచ్చిన చోటకంటె జట్టునకు వలసిన చోట నిలుచుటయే మేలని వీరి చరిత్రము మనకు నేర్పుచున్నది. మొగుడంపల్లి బాలబాలికలు వాలీబాలు వలయొద్ద నిలుచునపుడు దీనిని తలఁతురుగాక!